14 టీమ్‌లు.. ఒకే ఒక్క కర్వ్‌బాల్!

మీ రెజ్యూమేలో 14 కంపెనీల పేర్లు ఉంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఏమై ఉంటుంది? ‘ఎక్కడా ఎందుకు నిలవలేదు?’ అనే కదా! వాటిలో కొన్నిచోట్ల పనిచేసింది నెలలే, ఒకచోట అయితే వారమే అనుకోండి. మధ్యలో మూడు పెద్ద ఆపరేషన్లు, కొన్నాళ్లు అసలు ఉద్యోగమే లేని గ్యాప్ కూడా ఉందనుకోండి. మన దగ్గర చాలామంది హెచ్‌ఆర్‌లు రెండో పేజీ తిప్పరు.

సరిగ్గా అలాంటి రెజ్యూమే ఉన్న మనిషి ఒకరున్నారు. పేరు రిచ్ హిల్. ఊరు అమెరికాలోని బోస్టన్ పక్కనే ఉన్న మిల్టన్. చేసిన పని బేస్‌బాల్‌లో బంతి విసరడం. 2025 జులై 22న, 45 ఏళ్ల వయసులో, షికాగోలోని రిగ్లీ ఫీల్డ్‌లో కాన్సాస్ సిటీ రాయల్స్ జెర్సీ వేసుకుని బరిలోకి దిగాడు. మేజర్ లీగ్‌లో అది అతని 14వ టీమ్. అంతకుముందు ఎడ్విన్ జాక్సన్ అనే మరో పిచ్చర్ పేరిట ఉన్న రికార్డును ఆ రోజు సమం చేశాడు. ఆ రోజు ఎదురుగా ఉన్న టీమ్ షికాగో కబ్స్. 20 ఏళ్ల కిందట అతనికి మొదటి అవకాశం ఇచ్చింది ఆ టీమే!

బేస్‌బాల్ మన ఆట కాదు, నిజమే. కానీ ఇతని కథలో ఒక ముక్క ఉంది. ఆఫర్ లెటర్ కోసం మెయిల్ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్న ప్రతి ఒక్కరికీ పనికొచ్చే ముక్క. నాకైతే చాలా పనికొచ్చింది. అదెలాగో చివర్లో చెబుతా.

జర్నీమన్ అంటే?

ఇలా టీమ్ నుంచి టీమ్‌కు తిరిగే ఆటగాణ్ని అమెరికాలో ‘జర్నీమన్’ అంటారు. జర్నీ అంటే ప్రయాణం కాబట్టి ఊళ్లు తిరిగేవాడు అనుకుంటాం. అసలు సంగతి వేరు. రోజంతా చేసే పనిని ఫ్రెంచ్‌లో ‘జూర్నే’ అంటారు. ఆ మాట నుంచి వచ్చిందే ఇది. పాతకాలం యూరప్‌లో పని నేర్చుకోవడం పూర్తయినా, సొంత కొట్టు పెట్టుకునే స్థాయి రాని పనివాణ్ని అలా పిలిచేవారు. పని వచ్చు, రోజు కూలికి చేస్తాడు, సొంత బోర్డు మాత్రం ఉండదు. మన భాషలో చెప్పాలంటే కాంట్రాక్ట్ ఎంప్లాయీ అన్నమాట!

బేస్‌బాల్‌లో పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడు. బంతి నేల తాకకుండా నేరుగా బ్యాటర్ దగ్గరికి వెళ్లాలి. పైన 30 టీమ్‌ల మేజర్ లీగ్ ఉంటుంది. దాని కింద మెట్లు మెట్లుగా మైనర్ లీగ్‌లు. మేజర్ టీమ్‌లలో ఎవరికైనా దెబ్బ తగిలితే కింద నుంచి ఒకరికి పిలుపొస్తుంది. ఫామ్ పోతే మళ్లీ కిందికి. అక్కడా చోటు లేకపోతే చేతిలో రిలీజ్ కాగితం. ఐటీలో బెంచ్, ప్రాజెక్ట్, రిలీజ్ అని ఎలా అంటామో అక్కడా అంతే. కాకపోతే స్కోరు రోజూ టీవీలో కనిపిస్తుంది. దాచుకోవడానికి ఉండదు.

మొదట్లో అంతా సెట్టే!

హిల్‌ది మామూలు మొదలేమీ కాదు. మిషిగన్ యూనివర్సిటీలో ఆడాడు. అక్కడ డ్రాఫ్ట్ అంటే మన క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిది. టీమ్‌లు వరుసగా కుర్రాళ్లను ఎంచుకుంటాయి. 1999లో ఒకసారి, 2001లో మరోసారి ఎంపికైనా సంతకం చేయలేదు. 2002లో కబ్స్ నాలుగో రౌండ్‌లో తీసుకుంటే సరే అన్నాడు. 2005లో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. 2007లో ఏకంగా 195 ఇన్నింగ్స్ వేసి 11 మ్యాచ్‌లు గెలిచాడు, 183 మందిని స్ట్రైకౌట్ చేశాడు. వయసు 27. అప్పటికి ఎవరినడిగినా ‘ఇతనికి ఢోకా లేదు’ అనే అనేవారు.

ఆ మరుసటి ఏడాదే కథ అడ్డం తిరిగింది. వెన్నునొప్పి మొదలైంది. బంతి అనుకున్నచోట పడటం మానేసింది. 2008లో కబ్స్ తరఫున ఆడింది అయిదు మ్యాచ్‌లే. 2009లో అతణ్ని బాల్టిమోర్‌కు పంపేశారు. అక్కడ భుజం దెబ్బతిని ఆపరేషన్ అయింది. కోలుకుని, చెయ్యి కిందికి దించి పక్క నుంచి విసరడం నేర్చుకున్నాడు. మలింగ యాక్షన్ గుర్తు తెచ్చుకోండి, దాదాపు అలాంటి మార్పే. అది పట్టుబడుతుందనగా 2011లో మోచేతి లిగమెంట్ తెగింది. మళ్లీ ఆపరేషన్.

నలుగురికి వేస్తే.. ఒక్కరూ అవుట్ కాలేదు

తర్వాతి రోజుల్లో అతని పని ఏంటో తెలుసా? మ్యాచ్ చివర్లో వచ్చి, ఎడమచేతి వాటం బ్యాటర్ ఒకరిద్దరికి బంతులేసి వెళ్లిపోవడం! 2013లో క్లీవ్‌లాండ్ తరఫున 63 మ్యాచ్‌ల్లో దిగాడు. అన్నీ కలిపి వేసింది 39 ఇన్నింగ్స్ కూడా లేదు. ఒకప్పుడు మ్యాచ్‌ను మొదలుపెట్టినవాడు, ఇప్పుడు మధ్యలో వచ్చి పోయేవాడయ్యాడు.

2014 ఇంకా ఘోరం. ఆ ఏడాది ఫిబ్రవరిలో రెండు నెలల పసిబిడ్డను పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖంలోనే సీజన్ మొదలైంది. జులైలో ఏంజెల్స్ టీమ్ పిలిచింది. రెండు మ్యాచ్‌ల్లో మొత్తం నలుగురు బ్యాటర్లను ఎదుర్కొన్నాడు. ఒక్కరినీ అవుట్ చేయలేకపోయాడు. పిచ్చర్ సగటు లెక్క కట్టాలంటే కనీసం ఒక్క అవుటైనా ఉండాలి. సున్నాతో భాగిస్తే ఏమొస్తుందో ఇంజినీరింగ్ వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ టీమ్‌లో అతని సగటు ఇప్పటికీ ‘అనంతం’ గుర్తుగానే ఉంటుంది! రోజుల్లోనే రిలీజ్ చేసేశారు.

2015లో వాషింగ్టన్ టీమ్ మైనర్ లీగ్‌లో చోటిచ్చింది. జూన్‌లో అదీ పోయింది. వయసు 35. చేతిలో ఏ టీమూ లేదు.

టీమ్ లేని ఆ నెల

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఆగిపోయినా తప్పు పట్టేవాళ్లు ఎవరూ ఉండరు. హిల్ మిల్టన్ వెళ్లిపోయి అక్కడి కుర్రాళ్ల టీమ్‌తో కలిసి ప్రాక్టీస్ చేశాడు. అంతా కాలేజీలో చేరబోయే వయసు పిల్లలు. అయితే ఊరికే చెయ్యి ఆడించలేదు. మళ్లీ మ్యాచ్‌ను మొదలుపెట్టే పిచ్చర్ కావాలనుకున్నాడు. ఒకరిద్దరికి వేసి వెళ్లిపోయే పని కాకుండా, ఆరేడు ఇన్నింగ్స్ వేసే ఓపిక తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. పక్క నుంచి విసరడం పక్కనపెట్టి, పాత పద్ధతిలో చెయ్యి పైకెత్తాడు.

తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్ డక్స్ టీమ్‌లో చేరాడు. అది మేజర్ లీగ్ మెట్లలో ఎక్కడా లేని ఇండిపెండెంట్ లీగ్. ఐపీఎల్ ఆడినవాడు జిల్లా లీగ్‌కు వచ్చినట్టు అనుకోండి. అక్కడ రెండు మ్యాచ్‌లు ఆడాడు. 11 ఇన్నింగ్స్, 21 స్ట్రైకౌట్లు, ఇచ్చిన పరుగులు సున్నా. ఆగస్టులో బోస్టన్ రెడ్‌సాక్స్ నుంచి మైనర్ లీగ్ కాంట్రాక్ట్ వచ్చింది.

గమనించారా? డక్స్‌లో ఆడటం అతని స్థాయికి చాలా తక్కువ. కానీ ‘నేను మళ్లీ స్టార్టర్‌గా వేయగలను’ అని నోటితో చెబితే ఎవరూ నమ్మరు. చిన్న గ్రౌండైనా సరే, వేసి చూపించే చోటు కావాలి. అతనికి అది దొరికింది.

కెరియర్‌ను తిప్పిన ఒక సంభాషణ

రెడ్‌సాక్స్ మైనర్ టీమ్ ఉండే పాటకెట్‌లో బ్రయాన్ బ్యానిస్టర్ అనే వ్యక్తి హిల్‌తో కూర్చుని మాట్లాడాడు. బ్యానిస్టర్ కూడా మాజీ పిచ్చరే. ఆట మానేశాక రెడ్‌సాక్స్‌లో డేటా చూసి పిచ్చర్లకు సలహాలిచ్చే పనిలో చేరాడు. 2015లోనే మేజర్ లీగ్ మైదానాలన్నింటిలో స్టాట్‌కాస్ట్ అనే వ్యవస్థ వచ్చింది. బంతి ఎంత వేగంగా వెళ్లింది, నిమిషానికి ఎన్నిసార్లు తిరిగింది, ఎంత వంగింది అనేవన్నీ రాడార్, కెమెరాలతో లెక్కగడుతుంది.

హిల్ దగ్గర మొదటి నుంచీ ఒక మంచి కర్వ్‌బాల్ ఉంది. అంటే గాల్లో గుండ్రంగా తిరుగుతూ వెళ్లి, బ్యాటర్ దగ్గర ఒక్కసారిగా కిందికి జారే బంతి. మన ఆటలో టాప్‌స్పిన్నర్ పిచ్ మీద పడకముందే డిప్ అవుతుంది చూడండి, అదే సూత్రం. హిల్ వేసే కర్వ్‌బాల్ మామూలు కంటే చాలా ఎక్కువ తిరుగుతుంది. కానీ అప్పటి లెక్క ప్రకారం ఫాస్ట్‌బాల్ అనేది అన్నం, కర్వ్‌బాల్ నంజుకునే పచ్చడి. ఎంత బాగున్నా కొంచెమే వేయాలి.

బ్యానిస్టర్ ఆ లెక్కనే మార్చమన్నాడు. నీ దగ్గర ఉన్నవాటిలో గొప్పది ఇదే, దీన్నే ఎక్కువగా వెయ్, అయితే ప్రతిసారీ ఒకేలా వేయకు అన్నది ఆ సలహా సారాంశం. వేగం కొంచెం మార్చడం, వంపు కొంచెం మార్చడం, చెయ్యి ఎత్తు మార్చడం.. ఇలా ఒక్క బంతి నుంచే నాలుగైదు రకాలు పుట్టించొచ్చు. హిల్ ఫాస్ట్‌బాల్ వేగం గంటకు సుమారు 145 కిలోమీటర్లు. మేజర్ లీగ్‌లో అది సగటు కంటే తక్కువే. కానీ నెమ్మదైన కర్వ్‌బాల్ దాదాపు సగం బంతుల్లో వస్తుంటే, బ్యాటర్‌కు ఆ మామూలు ఫాస్ట్‌బాల్ కూడా రాకెట్‌లా అనిపిస్తుంది.

2015 సెప్టెంబర్ 13. టాంపా బే టీమ్‌పై మ్యాచ్. 2009 తర్వాత మేజర్ లీగ్‌లో హిల్ మొదలుపెట్టిన మొదటి మ్యాచ్ అది. 7 ఇన్నింగ్స్ వేశాడు. ఇచ్చింది ఒకే ఒక్క హిట్. 10 స్ట్రైకౌట్లు! తర్వాతి రెండు మ్యాచ్‌ల్లోనూ పదేసి మంది స్ట్రైకౌట్. ఆడింది నాలుగు మ్యాచ్‌లే, మొత్తం 29 ఇన్నింగ్స్. అవి చూసి ఓక్లాండ్ అథ్లెటిక్స్ ఏడాదికి 60 లక్షల డాలర్లు ఇచ్చింది. 2016 చివర్లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మూడేళ్లకు 4.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ రాసింది. ఏడాదిన్నర ముందు ఊళ్లో కుర్రాళ్లతో బంతులు విసురుకున్న మనిషికి, 36 ఏళ్ల వయసులో!

బాగా ఆడినా ఓడిన రోజులు

ఇక్కడితో ‘శుభం’ కార్డు వేస్తే సినిమా అవుతుంది. జీవితం అలా ఉండదు కదా.

బేస్‌బాల్‌లో ‘పర్ఫెక్ట్ గేమ్’ అని ఒకటుంది. మ్యాచ్ మొత్తంలో ప్రత్యర్థి ఒక్కరు కూడా బేస్ చేరకూడదు. 1876 నుంచి నడుస్తున్న మేజర్ లీగ్ చరిత్రలో అలాంటివి 24 మాత్రమే. 2016 సెప్టెంబర్ 10న మయామీలో హిల్ 7 ఇన్నింగ్స్ అలాగే వేశాడు. ఇంకో రెండే మిగిలాయి. వేలి మీద బొబ్బలు మళ్లీ లేస్తాయేమోనని మేనేజర్ డేవ్ రాబర్ట్స్ అతణ్ని బయటికి పిలిచేశాడు. టీమ్ అవసరం అది. రికార్డు పోయింది.

ఏడాది తిరగకముందే మరో అవకాశం. 2017 ఆగస్టు 23న పిట్స్‌బర్గ్‌లో 8 ఇన్నింగ్స్ పర్ఫెక్ట్. తొమ్మిదోదాంట్లో సహచరుడి ఫీల్డింగ్ పొరపాటుతో అది చెదిరింది. అయినా 9 ఇన్నింగ్స్‌లో ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు. కానీ సొంత టీమ్ కూడా ఒక్క పరుగు చేయలేదు. మ్యాచ్ పదో ఇన్నింగ్స్‌కు వెళ్లింది. జాష్ హారిసన్ కొట్టిన హోమ్ రన్‌తో హిల్ 0-1తో ఓడిపోయాడు. 9 ఇన్నింగ్స్ ఒక్క హిట్ ఇవ్వని మనిషి రికార్డులో ఆ రోజు ఎదురుగా ఉన్నది ‘ఓటమి’ అన్న మాటే.

ఇంటర్వ్యూ అద్భుతంగా చేసి, పొజిషన్ హోల్డ్‌లో పెట్టాం అన్న మెయిల్ అందుకున్నవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. పని మన చేతిలో ఉంటుంది. ఫలితంలో చాలామంది చేతులుంటాయి. ఈ రెండిటినీ కలిపేసుకుంటే మన పని మీద మనకే నమ్మకం పోతుంది.

2019 చివర్లో మోచేతికి మళ్లీ ఆపరేషన్. తర్వాత మిన్నెసోటా, టాంపా బే, న్యూయార్క్ మెట్స్, మళ్లీ బోస్టన్, పిట్స్‌బర్గ్, శాన్ డియేగో. 2024లో సీజన్ మొదట్లో ఇంట్లోనే ఉండి కొడుకు టీమ్‌కు కోచింగ్ ఇచ్చి, ఆగస్టులో మళ్లీ రెడ్‌సాక్స్‌లో చేరాడు. 2025లో రాయల్స్ తరఫున రెండు మ్యాచ్‌లు ఆడాడు, రెండూ ఓడాడు. వారం తిరిగేసరికి టీమ్ నుంచి తీసేశారు. మొత్తం లెక్క 90 గెలుపులు, 76 ఓటములు. గొప్ప పిచ్చర్ల జాబితాలో పెట్టే అంకెలు కావివి. కానీ 2005 నుంచి 2025 వరకు వరుసగా 21 సీజన్లలో ప్రతి ఏడాదీ ఒక్కసారైనా మేజర్ లీగ్‌లో బంతి వేశాడు.

నిజం మాట్లాడుకుందాం

ఇలాంటి కథలు చదివితే ‘పట్టు వదలకపోతే ఎవరైనా సాధిస్తారు’ అని ముగించడం ఈజీ. నేను అలా చెప్పను. హిల్‌కు కలిసొచ్చినవి కొన్ని ఉన్నాయి. ఎడమచేతి పిచ్చర్లకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. స్పిన్‌ను కొలిచే టెక్నాలజీ సరిగ్గా అతనికి అవసరమైన సమయంలోనే వచ్చింది. బ్యానిస్టర్ సరైన చోట తారసపడ్డాడు. అంతకుముందు మేజర్ లీగ్‌లో సంపాదన ఉంది కాబట్టి కొన్నాళ్లు ఖాళీగా ఉన్నా ఇల్లు గడిచింది. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ నెత్తిన ఉన్నవాడికి ఆ సౌకర్యం ఉండదు. అతనిలాగే కష్టపడి, పిలుపు రాక ఆట వదిలేసిన పిచ్చర్లు మైనర్ లీగ్‌ల నిండా ఉంటారు. వాళ్లు తక్కువ పట్టుదల ఉన్నవాళ్లేం కాదు.

మరి ఇందులో మనం తీసుకోదగ్గది ఏంటి? నా అనుభవం చెబుతా.

బీటెక్ అయ్యాక నాకొక ఆఫర్ వచ్చింది. జాయినింగ్ తేదీ మూడుసార్లు వాయిదా వేసి, చివరికి సారీ అన్నారు. అమీర్‌పేట హాస్టల్‌లో తొమ్మిది నెలలున్నాను. అందరూ చేసే జావా కోర్సే చేశా, అందరూ రాసే రెజ్యూమేనే రాశా. నాన్న ఫోన్ చేస్తే ‘ప్రాసెస్‌లో ఉంది నాన్నా’ అని చెప్పేవాణ్ని. అదే సమయంలో రాత్రిపూట, కోడ్‌లో నాకొచ్చిన ఎర్రర్లు, వాటిని ఎలా సరిచేశానో తెలుగు, ఇంగ్లిష్ కలిపి బ్లాగులో రాసుకునేవాణ్ని. టైమ్‌పాస్ అనుకున్నానే తప్ప అది స్కిల్ అని ఎప్పుడూ అనుకోలేదు. రెజ్యూమేలో కూడా పెట్టలేదు.

ఒకరోజు మా కాలేజీ సీనియర్ అన్న ఒకాయన ఫోన్ చేశాడు. ‘తమ్ముడూ, మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నీ పోస్ట్ చూసి ప్రాబ్లం సాల్వ్ చేశాడు. నువ్వింకా కోడింగ్ రౌండ్లలోనే కొట్టుకుంటున్నావేంట్రా? డాక్యుమెంటేషన్ రాసేవాళ్లు దొరక్క మేం వెతుకుతుంటే!’ అన్నాడు. ఆ వారమే రెజ్యూమే మార్చాను. పైన బ్లాగు లింకు, కింద జావా. రెండు నెలల్లో ఒక చిన్న స్టార్టప్‌లో టెక్నికల్ రైటర్‌గా ఉద్యోగం వచ్చింది. జీతం మొదటి ఆఫర్ కంటే తక్కువే. అది నా లాంగ్ ఐలాండ్ డక్స్! హిల్ కథ తర్వాత ఎప్పుడో చదివినప్పుడు నాకు మా సీనియర్ ఫోన్‌కాలే గుర్తొచ్చింది.

మీ కర్వ్‌బాల్ ఏది?

హిల్ 35 ఏళ్ల వయసులో కొత్త బంతి నేర్చుకోలేదు. చిన్నప్పటి నుంచి చేతిలో ఉన్నదాన్నే ముందుకు తెచ్చాడు. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లు ఈ వారం మూడు పనులు చేసి చూడండి.

ఒకటి. మీరు సులువుగా చేసేసే పని ఏంటో మిమ్మల్ని దగ్గరగా చూసిన ఇద్దరిని అడగండి. మనకు తేలిగ్గా వచ్చేదాన్ని మనం స్కిల్‌గా లెక్కేసుకోం. ఎక్సెల్‌లో హాస్టల్ మెస్ లెక్కలు చూసేవాడు, ప్రతి సెమినార్‌లో యాంకరింగ్ చేసే అమ్మాయి, జూనియర్లకు రాత్రికి రాత్రి సబ్జెక్టు చెప్పి పాస్ చేయించేవాడు.. వీళ్లందరి దగ్గరా కర్వ్‌బాల్ ఉంది.

రెండు. అది కనిపించే చిన్న చోటు వెతుక్కోండి. ఇంటర్న్‌షిప్ కావచ్చు, ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ కావచ్చు, ఊళ్లో కిరాణా కొట్టుకు బిల్లింగ్ షీట్ చేసివ్వడం కావచ్చు. స్థాయి తక్కువని లైట్ తీసుకోకండి. చేసి చూపించిన 11 ఇన్నింగ్స్, చేయగలనని చెప్పే పది లైన్ల కంటే బరువుగా ఉంటాయి.

మూడు. గ్యాప్‌లో చెయ్యి ఆడుతూ ఉండాలి. రోజుకు గంటైనా సరే. పిలుపు ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు, వచ్చిన రోజున భుజం సిద్ధంగా ఉండటం వరకే మన చేతిలో ఉంది.

ఇంటర్వ్యూలో ఎవరైనా మీ రెజ్యూమేలోని గ్యాప్ మీద వేలు పెడితే తల దించుకోకండి. ఆ నెలల్లో ఏం ప్రాక్టీస్ చేశారో చెప్పండి. చెప్పడానికి ఏమీ లేదంటారా? అయితే ఈ పేపర్ మడిచి పక్కన పెట్టి, ఈరోజే మొదలుపెట్టండి.